ఆది జాకెట్టు

కాంతం చింపేసిన కాలేజీ దరఖాస్తు ముక్కలు ఇంకా కుట్టుమిషన్ కింద బుట్టలోనే ఉన్నాయి. గుడ్డ పీలికల మధ్య తెల్లగా కనిపిస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ బుట్ట తీసి పారబోసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

చింపిన మనిషి మాత్రం ఏమీ ఎరగనట్టు మిషన్ తొక్కుతూనే ఉంది. కాంతానికి కోపం వస్తే నోటితోపాటు కాళ్ళు కూడా ఆడతాయి. ఈ వారం ఆ వీధి ఆడవాళ్ళ జాకెట్లన్నీ చెప్పిన రోజుకన్నా ముందే తయారైపోయాయి. గాజువాకలో ఏ టైలరూ గడువుకు ముందు జాకెట్టు ఇచ్చిన పాపాన పోలేదు. దాన్నిబట్టే ఆ ఇంట్లో గొడవ ఎంత ముదిరిందో ఊహించుకోవచ్చు.

"అది నిన్న మజ్జాన్నం తిన్నేదు, రాత్రీ తిన్నేదు," అంది కాంతం అత్తగారు సన్యాసమ్మ, గుమ్మంలో కాళ్ళు బారజాపుకుని. "ఇప్పుడు టిఫినూ ముట్టుకోనేదు. పదారేళ్ళ గుంట. ఎన్ని పూటలు మాడ్సుతావే?"

"నానేటి మాడ్సుతన్నానత్తా? ఇడ్లీ దాని ముందే ఎట్టినాను. తింటే తింటాది, నేకపోతే నేదు."

మధులత వంటింటి గోడకి ఆనుకుని కూర్చుంది. ముందు పళ్ళెం ఉంది. ఇడ్లీలు ఎండిపోయి అంచులు గట్టిపడ్డాయి. ఆ పిల్ల వాటివైపు చూడటం లేదు, తల్లివైపూ చూడటం లేదు. పదో తరగతిలో ఐదువందల నలభైయొక్క మార్కులు తెచ్చుకున్న పిల్ల. ఆ మార్కులు వచ్చిన రోజు కాంతం వీధి వీధంతా తిరిగి మైసూరుపాకు పంచింది. రేపు మధ్యాహ్నం పన్నెండున్నరతో కాలేజీలో చేరడానికి గడువు తీరిపోతుంది.

బయట మోటార్ సైకిల్ ఆగింది. గవర్రాజు స్టీల్‌ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. చెప్పులు విప్పుతూ ముందు మిషన్ కింద బుట్ట వంక చూశాడు, తర్వాత ఇడ్లీ పళ్ళెం వంక చూశాడు. ఇక అడగాల్సిందేమీ లేదు గానీ, మొగుడన్నవాడు అడగాలి కాబట్టి అడిగాడు.

"ఏటి, ఇంకా తెగనేదా మీ గొడవ?"

"తెగడానికేటుంది? ఎంపీసీ అనీసి సెప్పీసినాను. అదే ఆకరు."

"నాను ఎంపీసీ సదవను," అంది గోడ దగ్గర నుంచి మధులత.

కాంతం మిషన్ ఆపింది. "మరేటి సదువుతావో మీ నాన్నకి సెప్పు. నీ నోటితో నువ్వే సెప్పు. ఆయనా ఇంటాడు."

ఆ మాట ఈ ఇంట్లో పలికితే ఏమవుతుందో మధులతకి తెలుసు. అయినా పలికింది.

"ఒకేషనల్‌లో బట్టల తయారీ గ్రూపు నానా. నూలు, బట్ట రకాలు, రంగులు, డ్రెస్సు నమూనాలు గీయడం, అన్నీ సబ్జెక్టులుగా ఉంటాయి. రెండేళ్ళు అది సదివి ఫ్యాషన్ డిజైన్ కాలేజీకి పరీక్ష రాత్తాను. శ్రీరామ్మూర్తి మాస్టారు కూడా అదే మంచిదన్నారు."

శ్రీరామ్మూర్తి మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. ఆ పేరు వినగానే కాంతం మళ్ళీ అందుకుంది.

"ఇన్నావా మావా? ఇంట్లో ఉన్న మిషన్ సాల్లేదంట దీనికి. కాలేజీకెల్లి మిషన్ తొక్కుతాదంట. దానికి మళ్ళీ ఒక మాస్టారి సలహా!"

"మిషన్ తొక్కడం కాదమ్మా. డిజైన్."

"ఆ డిజైనేదో గాల్లో కుడతారా? ఎవులో ఒకలు కూకోని కుట్టాల కదా?"

సన్యాసమ్మ కిసుక్కుమని నవ్వి, మనవరాలి ముఖం చూసి నవ్వు మింగేసింది.

గవర్రాజు మంచం మీద కూర్చుని తల గోక్కున్నాడు. "ఎంపీసీ సదివినా ఆ పరీక్ష రాయొచ్చంట కదే? మావోడొకడు సెప్పినాడు, ఏ గ్రూపైనా పరవానేదంట."

"రాయొచ్చు నానా. కానీ ఎంపీసీ అంటే పొద్దున్నుంచి రాత్రి దాకా లెక్కలే. ఆ పరీక్షలో బొమ్మ గీయాల, మనకిచ్చిన సామాను తోటి ఏదో ఒకటి సేసి సూపించాల. రెండేళ్ళు బొమ్మ గీయకుండా ఉంటే నా సెయ్యి ఆగిపోద్ది."

"అదీ నిజమే," అన్నాడు గవర్రాజు.

"ఏటి నిజం?" కాంతం గొంతు లేచింది. "ఆ పరీక్ష రాకపోతే? దేశమంతా రాత్తారంట. అందులో ఇది నెగ్గకపోతే ఏటైపోద్ది? ఎంపీసీ సదివితే ఇంజినీరింగుంది, డిగ్రీ ఉంది, బేంకు పరీక్షలున్నాయి. ఆ బట్టల గ్రూపు సదివినోల్లకి ఏటి మిగులుద్ది? మిషనే కదా?"

"అదీ నిజమే," అన్నాడు గవర్రాజు.

పాపం, అతనికి ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాటే న్యాయంగా తోస్తుంది. నెత్తిన వేలాడే ఇనపదిమ్మెలను క్రేనుతో అంగుళం తేడా లేకుండా దించే మనిషి, ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య మాత్రం దేన్ని ఎటు తిప్పాలో తెలియక చేతులెత్తేస్తాడు. "నిద్రొత్తంది. లేసినాక మాటాడుకుందాం," అని చొక్కా విప్పి దుప్పటి ముసుగు పెట్టాడు. జూన్ ఉక్కలో దుప్పటి ముసుగు! ఎవరి కోసం ఆ ముసుగో అందరికీ తెలుసు.

కాంతం మళ్ళీ మిషన్ మొదలుపెట్టింది.

ఆమెకు చదువు మీద పెద్ద పెద్ద ఆశలేమీ లేవు. కూతురు కలెక్టరు కావాలని ఏనాడూ కోరుకోలేదు. ఆమె కోరిక చాలా చిన్నది. వీపు ఆనించుకునే కుర్చీ. మధులత రేపు ఏ ఆఫీసులో పనిచేసినా సరే, వెనక ఆనుకోవడానికి ఉన్న కుర్చీలో కూర్చుని చేయాలి. పద్దెనిమిదేళ్ళుగా తను కూర్చున్న ముక్కాలిపీటకి వీపు లేదు. బిడ్డ కడుపులో పడకముందే ఆ పీట ఎక్కింది. పురిటికి ముందురోజు కూడా ఎవరిదో పెళ్ళి జాకెట్టుకి హుక్కులు కుట్టి దిగింది. నడుం నొప్పికి మందు రాసుకుని పడుకున్న ప్రతిసారీ ఒక్కటే మొక్కుకుంది, ఈ పీట తనతోనే ఆఖరు కావాలని.

అలాంటిది ఆ బిడ్డే వచ్చి, చదువుకుని మరీ పీట ఎక్కుతానంటే తల్లి ప్రాణం ఎలా ఒప్పుకుంటుంది?

పదిగంటల వేళ కాంతం కత్తిరింపు బల్ల దగ్గర నిలబడింది. నాలుగు వీధుల అవతల ఉండే గంగాలమ్మగారి గుడ్డ పరిచి, దాని మీద ఆవిడ ఆది జాకెట్టు పెట్టి, చుట్టూ సుద్దతో గీస్తోంది. కాంతం ఎవరి ఒంటి మీదా టేపు పెట్టదు. వచ్చేవాళ్ళూ పెట్టించుకోరు. కొత్త గుడ్డతోపాటు, ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తారు. అదే ఆది. దాని కొలతే కొత్తదానికి కొలత. తనకి తను కుట్టుకునేటప్పుడూ అంతే. పెళ్ళప్పుడు తగరపువలసలో కుట్టించిన జాకెట్టు ఆమెకి ఈనాటికీ ఆది.

మధులత వచ్చి బల్ల అవతల నిలబడింది.

"అమ్మా, ఒకటి సెప్తాను. కోపం తెచ్చుకోకు."

"వొచ్చీసింది. సెప్పు."

"ఈ పద్దెనిమిదేళ్ళలో నువ్వు ఒక్క మనిషినైనా సూసి జాకెట్టు కుట్టినావా?"

కాంతం చేతిలో సుద్ద ఆగింది.

"ఇది గంగాలమ్మ మామ్మ ఆది కదా. పదేళ్ళ నాటిది. ఆవిడ జబ్బు సేసి సగమైపోయింది. అయినా నువ్వు ఇదే ఎట్టి గీత్తన్నావు. ఆవిడ పిన్నీసులెట్టుకుని తిరుగుతంది. నువ్వు జాకెట్టుని సూసి జాకెట్టు కుడతావమ్మా. మనిషిని సూడవు. నాను నేర్సుకోవాలనుకుంటంది మనిషిని సూడ్డం."

పిల్ల నెమ్మదిగానే అంది. కానీ పద్దెనిమిదేళ్ళ పని ఒక్క మాటలో తేలిపోయినట్టయింది కాంతానికి. కళ్ళు మండాయి.

"నాకు పని రాదంటావు. ఆ రాని పని కూడే కదే ఇన్నాళ్ళూ తిన్నావు?"

"రాదన్నేదమ్మా."

"మనిషిని సూసి నువ్వెప్పుడైనా కుట్టినావా? ఒక్కటి? ఒక్కటి కుట్టి సూపించు, అప్పుడు మాటాడు."

మధులత లోపలికి వెళ్ళి, తన స్కూలు పుస్తకాల వెనక నుంచి ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ముదురాకుపచ్చ నూలు జాకెట్టు.

"మా క్లాసు హిమబిందు వాళ్ళింట్లో మిషన్ మీద కుట్టినాను. నీకే. సీటొచ్చిన్నాడు ఇద్దామనుకున్నాను."

కాంతం జాకెట్టు అందుకుని ముందు లోపలివైపు తిప్పింది. టైలరు ఎవరైనా ముందు చూసేది లోపలి కుట్టే. కుట్టు నిటారుగా ఉంది. కాజాలు ఒత్తుగా ఉన్నాయి. ఎంత కోపంలో ఉన్నా ఆమెకి లోపల ఎక్కడో గర్వం కదిలింది. ఆ కదలడం ఆమెకి నచ్చలేదు.

తర్వాత, అలవాటు కొద్దీ, జాకెట్టుని నిలువుగా సగానికి మడిచి, భుజం మీద భుజం పెట్టి వెలుతురుకి పట్టింది.

కలవలేదు. కుడి భుజం అర అంగుళం కిందికి ఉంది.

కాంతం నవ్వింది. మంచి నవ్వు కాదది. "ఒలమ్మో, సూడత్తా! ఒక బుజం పైకి, ఒక బుజం కిందకి. మనిషిని సూసి కుట్టడమంటే ఇదంట! నా కాడికి పని నేర్సుకోడానికొచ్చిన గుంటలు మొదటి నెల్లో కూడా ఇలాటి తప్పు సెయ్యరు. దీనికి డిజైన్ కాలేజీ ఒకటి!"

సన్యాసమ్మ ఈసారి నవ్వలేదు. జాకెట్టు వంక, కోడలి వంక మార్చి మార్చి చూసి తల దించుకుంది. కోపంలో ఉన్న కాంతం అది గమనించలేదు.

మధులత ముఖం ఎర్రబడింది. "తప్పు కాదమ్మా. ఒకసారి తొడుక్కో."

"తొడుక్కోను."

"ఒక్కసారి."

"నాకు పనుంది. అవతలికి పో."

జాకెట్టు ఎగిరి పీలికల కుప్ప మీద పడింది. మధులత దాన్ని తీసుకోలేదు. మేడ మెట్లు ఎక్కి పైకి వెళ్ళిపోయింది. పైన కాళ్ళ చప్పుడు కూడా వినిపించలేదు. ఏడ్చినా బాగుండేది, కాంతం తనూ నాలుగు తిట్టి ఊరుకునేది.

మధ్యాహ్నానికి ఇల్లు అణిగింది. గవర్రాజు ఇప్పుడు నిజంగానే నిద్రపోతున్నాడు. కాంతం పీలికల కుప్పలోంచి ఆ జాకెట్టు తీసింది. చేతిలో కుట్లు విప్పే బ్లేడు ఉంది. విప్పి, కుడి భుజం సరిచేసి, మళ్ళీ కుట్టి పిల్లకి ఇచ్చేద్దామనుకుంది. ఎంత తిట్టినా తన కూతురు కుట్టినది తప్పుగా ఉండటం ఆమెకి ఇష్టం లేదు.

ఎక్కడ విప్పాలో గుర్తు పెట్టుకోవడానికి తన ఆది జాకెట్టు తెచ్చి దాని మీద పరిచింది. ఎడమ పక్క ఆదికి చక్కగా కలిసింది. కుడి పక్కే తేడా. భుజం అర అంగుళం దిగింది. భుజం దిగినంత మేర చంక కూడా దిగింది. పక్క కుట్టు దానికి తగ్గట్టు జరిగింది. ఆ పక్క చెయ్యి కూడా వేరేగా కత్తిరించింది. మెడ దగ్గర కూడా కుడివైపు కాస్త సవరణ ఉంది.

బ్లేడు అక్కడే ఆగిపోయింది. తప్పు చేసేవాళ్ళు ఇంత జాగ్రత్తగా చేయరు.

కాంతం లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. జాకెట్టు మార్చుకుని, హుక్కులు పెట్టుకుని, బీరువా అద్దం ముందు నిలబడింది. వెంటనే ఎడమ చెయ్యి కుడి భుజం మీదికి వెళ్ళింది, జారిన జాకెట్టుని పైకి లాక్కోవడానికి. రోజుకి వందసార్లు చేసే పని అది. ఎప్పుడు మొదలైందో కూడా గుర్తులేని పని.

పైకి లాగడానికి ఏమీ లేదు. జాకెట్టు జారలేదు. ఒంటిని పట్టుకుని, ఎక్కడిదక్కడ ఉంది. మెడ అద్దంలో తిన్నగా కనిపించింది.

ఇన్నేళ్ళూ కుడి భుజం జారితే గుడ్డని తిట్టింది. లైనింగు ముడుచుకుందనుకుంది, దారం మంచిది కాదనుకుంది. ఒకసారి కత్తెర కూడా మార్చింది. ఆది మాత్రం సరిగ్గానే ఉందిగా, పెళ్ళినాటిది! మారింది తనే. ఏళ్ళ తరబడి మిషన్ చక్రం వైపు ఒరిగి ఒరిగి, కుడి భుజం కిందికి దిగిపోయింది. అది ఊళ్ళో అందరి జాకెట్లూ కుట్టే మనిషికి తెలియలేదు.

పిల్లకి తెలిసింది. ఎందుకు తెలియదు? ఏళ్ళుగా తన వెనక నేల మీద కూర్చునే కదా చదువుకుంది. అన్నేళ్ళూ పుస్తకంలోంచి తలెత్తినప్పుడల్లా దానికి కనిపించింది తల్లి వీపే.

కాంతానికి ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులో బాధ ఉంది. కూతురి ముందు తన ఒళ్ళు ఇంతలా బయటపడినందుకు సిగ్గు ఉంది. ఇంత పనితనం ఉన్న చేతిని చూసి పొద్దున్న అత్త ముందు అలా నవ్వానే అన్న పశ్చాత్తాపం అన్నిటికన్నా ఎక్కువగా ఉంది. చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తలుపు తోసుకుని సన్యాసమ్మ వచ్చింది. కోడలిని ఎగాదిగా చూసి మంచం అంచున కూర్చుంది.

"తొడుక్కున్నావా?"

"అత్తా, నా బుజం..."

"నాకు తెలుసు. ఆరేడేళ్ళ నుంచీ సూస్తన్నాను. నా కొడుక్కీ తెలుసు."

"మరి సెప్పనేదేటి?"

"సెప్తే ఏటి సేత్తావే? మిషన్ మానీగలవా?"

కాంతం చెంగుతో ముఖం తుడుచుకుంది. సన్యాసమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి, దిగిన భుజం దగ్గర రెండుసార్లు నిమిరింది. అత్తాకోడళ్ళ మధ్య అలాంటివి అలవాటు లేదు. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది.

"దానికి కళ్ళున్నాయే," అంది ముసలావిడ. "నువ్వు దాని గ్రూపులో దాన్ని సేర్చీ."

కాంతం తల ఊపింది. ఆ తల ఊపడంతో ఆమె మనసులో వారం రోజుల గొడవ ముగిసిపోయింది.

అప్పుడే మంచినీళ్ళ కోసం కిందికి దిగిన మధులత గుమ్మం దగ్గర ఆగింది. ఆకుపచ్చ జాకెట్టులో తల్లిని చూసింది. ఉబ్బిన కళ్ళు చూసింది.

చెప్పాల్సిన మాట కాంతం నాలుక చివరి దాకా వచ్చింది. సరిపోయిందే తల్లీ అంటే చాలు. కానీ దరఖాస్తు చింపినది ఈ చేతులే, పొద్దున్న నవ్వినది ఈ నోరే. అంత తొందరగా ఆ నోటితో ఆ మాట ఎలా వస్తుంది? ముఖం పక్కకి తిప్పుకుంది.

"తలుపెయ్యి," అంది.

మధులత తలుపు వేసింది. బయటి నుంచి.

ఆ సాయంత్రం ఎవరూ బతిమాలకుండానే పిల్ల అన్నం తింది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఎందుకు తిన్నావని ఎవరూ అడగలేదు. షిఫ్టుకి బయల్దేరుతున్న మొగుడితో కాంతం, కూతురికి వినపడేలా, "రేపు కాలేజీకి నానే తీసుకెల్తాను," అని మాత్రం అంది. ఏ గ్రూపుకో చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకుంది.

మర్నాడు పొద్దున్న ఆ ఆకుపచ్చ జాకెట్టే తొడుక్కుని, దాని మీదికి గంజిపెట్టిన గోధుమరంగు చీర కట్టుకుంది. నోటితో అనలేనిది ఇలాగైనా పిల్లకి అర్థమవుతుందని ఆమె ఆశ. గుమ్మం దిగుతుంటే మధులత చూసింది. చూసి, సర్టిఫికెట్ల కవరు గుండెకి హత్తుకుని వెనకే నడిచింది. అర్థమైపోయిందనుకుని కాంతం మనసు తేలికపడింది. షేర్ ఆటోలో ఇద్దరి మధ్యా ఎవరో కూరగాయల సంచితో కూర్చున్నారు. దిగేదాకా ఒక్క మాటా లేదు.

కాలేజీ వరండాలో పెద్ద వరస ఉంది. ముందున్న ఒక్కొక్కరూ జరుగుతుంటే కాంతం చెప్పాల్సింది లోపల్లోపలే వల్లించుకుంది. ఆ గ్రూపు పేరు ఇంగ్లీషులో తనకి సరిగ్గా పలకదు. బట్టల గ్రూపంటే వాళ్ళకే తెలుస్తుందిలే.

బల్ల అవతల అర్జునరావు అనే లెక్చరర్ మార్కుల కాగితం చూసి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "మార్కులు బాగున్నాయే! ఏ గ్రూపమ్మా?"

"ఎంపీసీ సార్," అంది మధులత.

కాంతం తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అతను అప్పుడే కొత్త దరఖాస్తు తీసి రాయడం మొదలుపెట్టాడు.

"కాదు సార్. ఆ బట్టల గ్రూపుంది కదా, అది రాయండి."

"ఎంపీసీయే సార్. రాయండి."

"అది కాదు సార్, గుంటకి తెల్దు..."

"నాకు తెలిసే సెప్తన్నాను సార్."

అర్జునరావు కలం పక్కన పెట్టాడు. పిల్లలు ఒకటంటే పెద్దలు ఇంకొకటనడం అతను రోజూ చూసేదే. కానీ ఇక్కడేదో తిరగబడినట్టు అనిపించిందేమో, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ముందు మీరిద్దరూ తేల్చుకోండమ్మా. వెనకాల లైనుంది. పన్నెండున్నరకి మూసేస్తాం."

వరండా మెట్ల మీద ఎండ పడని చోట ఇద్దరూ కూర్చున్నారు. కాంతం గొంతు తగ్గించి మాట్లాడాలనుకుంది గానీ తగ్గలేదు.

"నీకేటైందే? వారం రోజులు నాతోటి దెబ్బలాడినావు, పస్తులున్నావు. తీరా ఇక్కడికొచ్చి ఇదేటి? నాను ఒప్పుకున్నాను కదే. ఇది తొడుక్కొచ్చినాను కదే!"

"సూసినానమ్మా."

"మరి?"

మధులత కవరు అంచు గోటితో గీస్తూ కూర్చుంది.

"ఇంటికాణ్ణించి ఆటో దాకా నీ ఎనకాలే నడిసినాను. అది కుట్టినప్పుడు నాకు అర అంగుళమే కనబడిందమ్మా. కాయితం మీద గీత. అది సరిగ్గా వొచ్చిందా నేదా, అంతే సూసుకున్నాను. గొప్పగా అనిపించింది కూడా. నిన్న నువ్వు ఏడుత్తుంటే, ఇవాళ నీ ఎనక నడుత్తుంటే..." ఆగింది. "ఎంత బాగా సరిపోయిందో అంత బయమేసింది."

"సరిపోతే బయమెందుకే?"

"నీ బుజం అలాగైపోబట్టే కదమ్మా అది సరిపోయింది? నువ్వు ఇన్నాళ్ళూ అరిసింది ఇదే. నాకు ఇనబడనేదు. ఆ పరీక్ష నెగ్గకపోతే మిషనే అన్నావు. నాను నెగ్గుతానని ఎవులు సెప్పగలరు?"

నువ్వు నెగ్గుతావు అనబోయింది కాంతం. దేశమంతా రాస్తారని తనే అంది. నువ్వు నాలాగ అవ్వవు అనబోయింది. చివరికి మిగిలేది మిషనేనని నిన్న పొద్దున్న తనే అరిచింది. ఏ మాట అందుకుందామన్నా, దాన్ని వారం రోజులుగా తనే ముక్కలు చేసి పారేసింది. ఇప్పుడు పిల్లని ఒప్పించడానికి ఒక్క మాట కూడా మిగల్లేదు. కూతురి చెయ్యి పట్టుకుంది.

"నిన్న ఆ మాట సెప్పుంటే బాగుండేదే," అంది కాంతం. "జాకెట్టు సరిపోయిందని. నిన్ననే సెప్పుంటే."

"నాకు తెలుసమ్మా సరిపోయిందని."

వరండాలోంచి అటెండరు కేకేశాడు. "మధులత ఎవరమ్మా? టైమైపోతంది. మీయమ్మగారు సంతకం పెడితే అయిపోద్ది."

మధులత లేచి వెళ్ళింది. కాంతం కూర్చున్నచోటి నుంచి చూస్తూనే ఉంది. పిల్ల బల్ల దగ్గర వంగి ఏదో చెప్పింది. అర్జునరావు తల ఊపి రాశాడు. దరఖాస్తు, కలం పట్టుకుని మధులత మళ్ళీ మెట్ల దగ్గరికి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

దరఖాస్తంతా ఇంగ్లీషులో ఉంది. కాంతానికి ఇంగ్లీషు రాదు. కానీ ఆ మూడక్షరాలు తెలుసు. గాజువాక సెంటర్లో కాలేజీల బోర్డుల మీద ఏళ్ళ తరబడి చూసుకున్న అక్షరాలు. బస్సు కోసం నిలబడినప్పుడల్లా ఆశగా చూసుకున్న అక్షరాలు.

మధులత కలం మూత తీసి తల్లి చేతికి అందించింది.

"ఎట్టమ్మా," అంది. "ఇన్నాళ్ళూ నువ్వడిగిందే కదా."

ఆ గొంతులో కోపం లేదు. ఉండుంటే కాంతం తిరిగి ఏదో ఒకటి అనగలిగేది.